కొలువు ముచ్చట్లు: ఖాతాకెక్కని గంటలు

ఈ శీర్షికకు వచ్చే ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఉద్యోగం ఎలా వస్తుందని అడిగేవే. వచ్చిన ఉద్యోగంలో ఎదురయ్యే చిక్కుల గురించి రాసేవారు తక్కువ. ఈసారి దేగ్లూర్ నుంచి ఒక తల్లి రాసిన ఉత్తరం ఆ లోటు తీర్చింది. వారి అమ్మాయి పుణేలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తోంది. ప్రోగ్రాములు రాసే పని. ఆ పని త్వరగా తెమిలేలా చేసే సాధనం ఒకటి ఉందట. మనిషికి నెలకి పదిహేడు వందల రూపాయలు. కొనిపెట్టమని కంపెనీని అడిగితే, "ఇన్నాళ్లూ అది లేకుండానే పని జరిగింది కదా" అని పై అధికారి కొట్టిపారేశాడట. అమ్మాయి మాత్రం రాత్రి పదింటి దాకా కంప్యూటరు ముందే కూర్చుంటోంది. "పదిహేడు వందలే కదా, నీ జీతంలోంచి కట్టుకో అని చెప్పమంటారా?" అని ఆ తల్లి ప్రశ్న.

ఒక్క మాటలో జవాబు: వద్దు. ఎందుకు వద్దో, మరి కంపెనీని ఎలా అడగాలో చెప్పడానికి మాత్రం ఒక్క మాట చాలదు. నాందేడ్, దేగ్లూర్, బిలోలి, ధర్మాబాద్, కిన్వట్ ప్రాంతాల నుంచి హైదరాబాదుకూ పుణేకూ వెళ్లి ఇలాంటి కొలువులు చేస్తున్న మన పిల్లలు చాలామందే ఉన్నారు. కాబట్టి ఈ సంచికలో శీర్షిక మొత్తం ఈ ముచ్చటకే.

ఏమిటీ సాధనాలు?

ప్రోగ్రాములు రాసేవారి చేతిలో ఉండే పనిముట్లు చాలా రకాలు. కోడ్ రాసుకునే ఎడిటర్ ఒకటి. తప్పు ఎక్కడుందో వెతికిపెట్టేది ఇంకొకటి. ప్రోగ్రాము రాసిన ప్రతిసారీ దానంతట అదే పరీక్షించి చూసేది మరొకటి. వేగంగా పనిచేసే లాప్‌టాప్ కూడా పనిముట్టే. ఈ మధ్య వచ్చిన కృత్రిమ మేధ సహాయకులు ఈ వరుసలో చివరివి. మనం ఏం రాయబోతున్నామో పసిగట్టి, తామే రాసి చూపిస్తాయి.

వీటిలో కొన్ని ఉచితం. 2005లో వచ్చిన గిట్, 2015లో వచ్చిన విజువల్ స్టూడియో కోడ్ అలాంటివే. కొన్నింటికి నెలనెలా కిరాయి కట్టాలి. గిట్‌హబ్ కోపైలట్ అనే సహాయకుడికి 2022లో కంపెనీల కోసం మనిషికి నెలకి 19 డాలర్లు ధర పెట్టారు. అక్కడే పేచీ మొదలవుతుంది. పని చేసేవారికి అవసరం కనిపిస్తుంది, డబ్బు కట్టేవారికి బిల్లు కనిపిస్తుంది.

ఇది కొత్త పేచీ కాదు. మన ఇళ్లలోకి మిక్సీ వచ్చిన రోజులు గుర్తు చేసుకోండి. రోలు ఉండగా మిక్సీ ఎందుకని అడిగినవారు సాధారణంగా రోలు దగ్గర కూర్చోనివారే. రుబ్బేవారి చేతి నొప్పి ఇంటి ఖర్చుల పుస్తకంలో ఏనాడూ రాయలేదు. మిక్సీ ధర మాత్రం మొదటి రోజే రాశారు. ఒక వైపు మాత్రమే రాసిన పద్దులో ఏ సాధనమైనా దండగ ఖర్చులాగే కనిపిస్తుంది.

ఆలేరు ఆసు కథ

ఈ సంగతి మన పద్మశాలీ కుటుంబాలకు చెప్పనక్కర్లేదు. నిజాం కాలపు ఉస్మాన్‌షాహీ మిల్లునూ, తెలంగాణ మగ్గాలనూ చూసిన పెద్దలు నాందేడ్‌లో ఇంకా ఉన్నారు. అయినా ఒక కథ మళ్లీ చెప్పుకోవాలి.

పోచంపల్లి తరహా చీర నేయాలంటే ముందు ఆసు పోయాలి. అర్ధచంద్రాకారంలో ఉన్న మేకుల చుట్టూ నూలు పోగును ఒక వరుసలో చుట్టడం అది. సాధారణంగా ఇంట్లో ఆడవాళ్ల పని. ఒక్క చీరకు చెయ్యి సుమారు 9,000 సార్లు పైకీ కిందికీ ఆడాలి. నాలుగైదు గంటలు పట్టేది. రోజుకి రెండు చీరలకు ఆసు పోస్తే 18,000 సార్లు. భుజాలు పట్టేసేవి.

అప్పటి నల్లగొండ జిల్లా ఆలేరు ప్రాంతానికి చెందిన చింతకింది మల్లేశం తన తల్లి లక్ష్మి పడే ఆ బాధ చూసి, ఆసు యంత్రం చేయాలని 1992లో పూనుకున్నారు. చేతిలో డబ్బు లేదు, ఇంజనీరింగ్ చదువూ లేదు. చుట్టుపక్కలవారికి నమ్మకమూ లేదు. పని మధ్యలో ఆగింది, మళ్లీ సాగింది. 1999లో యంత్రం పూర్తయింది. దానికి తల్లి పేరే పెట్టారు. నాలుగైదు గంటల పని గంటన్నరకు వచ్చింది. 2017లో ఆయనకు పద్మశ్రీ ఇచ్చారు. 2019లో ఆయన జీవితం మీద సినిమా కూడా వచ్చింది.

ఈ కథలో మనం సాధారణంగా మెచ్చుకునేది కొడుకు పట్టుదలను. ఇంకొక విషయం ఆలోచించండి. చీరకు దాదాపు మూడు గంటలు మిగిల్చే యంత్రం కోసం, అంతకాలంగా ఆ వ్యాపారం చేస్తున్నవారిలో ఎవరూ ఎందుకు డబ్బు పెట్టలేదు? నూలు ధర రాసేవారు, రంగు ధర రాసేవారు, నేత కూలి రాసేవారు. ఆసు పోసిన గంటలు ఇంటి పనిలో కలిసిపోయేవి. వాటికి విడిగా వెల కట్టిన పద్దు లేదు. ఖాతాకెక్కని గంటను ఆదా చేయడానికి ఏ సేటూ డబ్బు తీయడు. తీయకపోవడం అతని దుర్మార్గం అనుకోనక్కర్లేదు, అతనికి ఆ గంట కనిపించనే లేదు.

దేగ్లూర్ తల్లి రాసిన రాత్రి పదింటి సంగతి కూడా ఇదే. సాయంత్రం ఆరు తర్వాత అమ్మాయి పెట్టే నాలుగు గంటలు కంపెనీ లెక్కలో లేవు. పని మర్నాటికి పూర్తయి కనిపిస్తుంది. "ఇన్నాళ్లూ అది లేకుండానే జరిగింది కదా" అన్న పై అధికారి, తన ముందున్న లెక్క ప్రకారం నిజమే చెప్పాడు.

1953లో ఒక ఉత్తరం

మగ్గానికీ కంప్యూటరుకూ చుట్టరికం ఉందని కొందరికి తెలిసే ఉంటుంది. ఫ్రాన్సులో జకార్డ్ 1804లో రూపొందించిన మగ్గం, చిల్లులు పెట్టిన అట్టలను బట్టి పూలూ లతలూ నేసేది. ఆ చిల్లుల అట్టల పద్ధతితోనే హొలరిత్ అనే ఆయన అమెరికాలో 1890 జనాభా లెక్కలు వేశాడు. ఆయన కంపెనీ మరి కొన్నింటితో కలిసి, 1924 నాటికి ఐ.బి.ఎం. అనే పేరుతో స్థిరపడింది. మనకు కావలసిన రెండో కథ ఆ ఐ.బి.ఎం.లోనే జరిగింది.

1953 చివర్లో జాన్ బాకస్ అనే ఉద్యోగి తన పై అధికారి కత్‌బర్ట్ హర్డ్‌కు ఒక ఉత్తరం రాశాడు. అప్పట్లో ప్రోగ్రాములు యంత్రానికి అర్థమయ్యే అంకెల భాషలో, ఒక్కొక్క మెట్టూ చేత్తో రాయాలి. మనిషి రాసే సూత్రాల్లాంటి భాషలో రాస్తే, దాన్ని యంత్ర భాషలోకి మార్చిపెట్టే ప్రోగ్రాము ఒకటి తయారు చేద్దామని బాకస్ కోరిక. అంటే ప్రోగ్రాములు రాసేవారి కోసం ఒక సాధనం. దానికి కంపెనీ మనుషులనూ డబ్బునూ కేటాయించాలి.

ఆ ప్రతిపాదన వెనుక ఉన్న ముఖ్యమైన వాదన ఖర్చు లెక్క. బాకస్ తర్వాత రాసిన చరిత్ర ప్రకారం ఆ లెక్క ఇలా ఉంది. ఒక కంప్యూటరు కేంద్రంలో యంత్రానికి అయ్యే ఖర్చు ఎంతో, ప్రోగ్రాములు రాసేవారికి అయ్యే ఖర్చూ కనీసం అంత. యంత్రం వంద రూపాయలు అనుకుంటే మనుషులు వంద. పైగా యంత్రం పనిచేసే సమయంలో పావు నుంచి సగం దాకా తప్పులు దిద్దుకోవడానికే పోతోంది. అంటే యంత్రం వందలో యాభై దాకా. వెరసి రెండు వందల్లో నూట యాభై, ముప్పాతిక వంతు ఖర్చు, ప్రోగ్రాములు రాసి దిద్దడానికే అయిపోతోంది. యంత్రాలు చౌకయ్యే కొద్దీ ఈ వంతు ఇంకా పెరుగుతుంది.

ఇదీ లెక్క. "మాకు కష్టంగా ఉంది" అని అతను చెప్పి ఉంటే, కష్టపడడానికే కదా జీతం అనేవారు. మీరు కొన్న ఖరీదైన యంత్రం సగం సేపు తప్పులు వెతకడానికి తిరుగుతోంది అంటే, వినేవారి చెవి అటు తిరుగుతుంది. పని ఆమోదం పొందింది. 1957 ఏప్రిల్‌లో ఫోర్ట్రాన్ అనే భాష బయటికొచ్చింది. ప్రోగ్రాములో రాయవలసిన వాక్యాల సంఖ్య దానితో సుమారు ఇరవయ్యో వంతుకు తగ్గింది.

ఇందులో నేర్చుకోవలసినవి ఇంకా రెండున్నాయి. మొదటిది, ఎదుటివారి అనుమానాన్ని గౌరవించడం. చేత్తో రాసిన ప్రోగ్రాము కంటే యంత్రం రాసిపెట్టింది నెమ్మదిగా నడుస్తుందని అందరి భయం. సగం వేగంతో నడిచినా ఎవరూ ముట్టుకోరని బాకస్ బృందానికి తెలుసు. అందుకే వేగం మీదే ఎక్కువ శ్రమపడ్డారు. రెండోది గడువు. ఆరు నెలల్లో అయిపోతుందని అనుకున్నది మూడేళ్లు పట్టింది. సాధనం వల్ల వచ్చే లాభాన్నీ, అది చేతికి అలవాటయ్యే కాలాన్నీ మనం ఎప్పుడూ కాస్త తీపిగానే ఊహించుకుంటాం.

మూడు సెకన్ల ధర

"కంప్యూటరు కాస్త ఆలస్యం చేస్తే ఏమవుతుంది, రెండు సెకన్లు ఆగితే కొంపలు మునుగుతాయా?" అని కూడా అంటుంటారు. దీని మీద 1982లో ఐ.బి.ఎం.కు చెందిన డోహర్టీ, థడానీ ఒక పరిశీలన ప్రచురించారు. మనిషి ఒక మీట నొక్కాక యంత్రం జవాబివ్వడానికి 3 సెకన్లు పడితే, ఆ మనిషి గంటకి 180 పనులు చేస్తున్నాడు. ఆ జవాబు 0.3 సెకన్లలో వస్తే 371 పనులు చేస్తున్నాడు.

లెక్క వేసి చూడండి. మొదటి పద్ధతిలో ఒక్కో పనికి 20 సెకన్లు. రెండో పద్ధతిలో సుమారు 9.7 సెకన్లు. యంత్రం మిగిల్చింది 2.7 సెకన్లే, మనిషికి మిగిలింది 10.3 సెకన్లు. మిగతా ఏడున్నర సెకన్లు ఎక్కడివి? ఎదురుచూపులో మనసు పక్కకి పోతుంది. తిరిగి పనిలోకి రావడానికి కొంతసేపు పడుతుంది. పాటకచేరీలో మధ్యమధ్య మైకు ఆగిపోతుంటే గాయకుడికి ఏమవుతుందో అదే. ఆగిన సమయం కంటే, తిరిగి అందుకోవడానికి పట్టే సమయం ఎక్కువ. సాధనాల ముచ్చటలో ఇది గుర్తుంచుకోదగ్గ మాట.

కాగితం మీద లెక్క

ఇప్పుడు మన అమ్మాయి విషయానికి వద్దాం. ఉదాహరణకి ఒక ఉద్యోగి మీద కంపెనీకి జీతం, భవిష్యనిధి, కుర్చీ, కరెంటు అన్నీ కలిపి నెలకి లక్ష రూపాయలు అవుతుందనుకుందాం. నెలకి 22 రోజులు, రోజుకి 8 గంటలు, మొత్తం 176 గంటలు. గంట ఖరీదు సుమారు 570 రూపాయలు. సాధనం కిరాయి 1,700 రూపాయలు. అంటే నెలకి మూడు గంటలు, రోజుకి ఎనిమిది నిమిషాల పైచిలుకు ఆదా అయితే సాధనం ఖర్చు తిరిగొచ్చినట్టే.

ఇక్కడితో ఆగితే అది అమ్మేవాడి లెక్క అవుతుంది. నేర్చుకోవడానికి పట్టే రెండు రోజులు కూడా రాయాలి. 16 గంటలు, సుమారు 9,100 రూపాయలు. ఏడాది కిరాయి 20,400. మొత్తం మొదటి ఏడాది ఖర్చు 29,500. ఇలా చూస్తే రోజుకి దాదాపు పన్నెండు నిమిషాలు ఆదా కావాలి. పదిమంది బృందానికైతే దగ్గర దగ్గర మూడు లక్షలు. పై అధికారి కంటికి కనిపించేది ఆ మూడు లక్షలే. కాబట్టి మూడు లక్షలని మనమే ముందు చెప్పి, దాని పక్కన పన్నెండు నిమిషాలు రాయడం మంచిది.

పన్నెండు నిమిషాలు నిజంగా ఆదా అవుతాయా అన్నదే అసలు ప్రశ్న.

సేటు వైపు నుంచి

పై అధికారి మాటలోనూ న్యాయం ఉంటుంది. అది కూడా చూద్దాం.

2022లో గిట్‌హబ్ వారు తమ కోపైలట్ మీద ఒక పరీక్ష జరిపారు. 95 మంది ప్రోగ్రామర్లకు ఒకే చిన్న పని ఇచ్చారు. సహాయకుడు ఉన్నవారికి సగటున 1 గంట 11 నిమిషాలు, లేనివారికి 2 గంటల 41 నిమిషాలు పట్టింది. సమయంలో 55 శాతం ఆదా. ఇది చూసి ఎవరైనా రేపే కొనాలంటారు.

2025 జూలైలో ఎం.ఇ.టి.ఆర్. అనే పరిశోధన సంస్థ ఇంకో ఫలితం ప్రకటించింది. బాగా అనుభవం ఉన్న 16 మంది ప్రోగ్రామర్లు, ఏళ్ల తరబడి తమకు అలవాటైన పెద్ద ప్రోగ్రాముల్లో, 246 పనులు చేశారు. కొన్ని పనులకు కృత్రిమ మేధ సాధనాలు వాడనిచ్చారు, కొన్నింటికి వాడనివ్వలేదు. సాధనాలు వాడినప్పుడు పనికి 19 శాతం ఎక్కువ సమయం పట్టింది. విచిత్రం ఏమిటంటే, పని అయిపోయాక కూడా వారు తాము 20 శాతం వేగంగా చేశామనే అనుకున్నారు.

ఈ రెండూ ఒకదాన్నొకటి కొట్టివేయవు. మొదటిది ఖాళీ జాగాలో కొత్తగా కట్టిన చిన్న గది. రెండోది పుట్టి పెరిగిన పాత ఇల్లు. ఆ ఇంట్లో ఏ మూల ఏముందో తెలిసినవాడికి, కొత్తగా వచ్చిన సహాయకుడికి చెప్పి చేయించుకోవడం కంటే తానే చేసుకోవడం సులువు. పైగా మొదటి పరీక్ష జరిపింది సాధనం అమ్మేవారు, రెండోది 2025 తొలి నెలల్లో ఉన్న సాధనాలతో జరిగింది. రేపటి సాధనం ఇంకోలా ఉండవచ్చు. మనకు పనికివచ్చే పాఠం ఒకటే. "నాకు వేగంగా అనిపిస్తోంది" అన్నది లెక్క కాదు. పక్కవారి కంపెనీలో వచ్చిన అంకె కూడా మన లెక్క కాదు. మన పనిని మనమే కొలవాలి.

పై అధికారికి ఇంకా రెండు భయాలుంటాయి. ఒకటి, అందరికీ కొనిపెడితే సగం మంది తెరిచి కూడా చూడకపోవడం. రెండు, కంపెనీ రహస్య కోడ్ బయటి సంస్థ యంత్రాల్లోకి వెళ్లడం. రెండోది చిన్న విషయం కాదు. ఖాతాదారులతో రాసుకున్న ఒప్పందాలు ఉంటాయి. ఒక్క పొరపాటుకు మొత్తం కాంట్రాక్టు పోవచ్చు.

అన్నిటికంటే గట్టి ప్రశ్న ఇంకొకటి ఉంది. "రోజుకి పన్నెండు నిమిషాలు మిగిలితే నాకేం మిగిలింది? జీతం తగ్గదు కదా?" అని అడుగుతాడు. అడగవలసిన ప్రశ్నే. ఆ నిమిషాలు ఎక్కడికి వెళ్తాయో చెప్పలేకపోతే లెక్క అంతా కాగితం మీదే ఉంటుంది. వెనకబడి ఉన్న పని ఏది ముందుకొస్తుంది, ఖాతాదారు నుంచి వచ్చే ఫిర్యాదులు ఏవి తగ్గుతాయి, రాత్రిళ్లు కూర్చునే పని ఎంత తగ్గుతుంది అన్నది పేరుపేరునా చెప్పాలి. మొంఢాలో వ్యాపారికైనా అంతే. కొత్త కాటా కొంటే బేరం ఎంత త్వరగా తెములుతుందో చెప్పాలి గానీ, కాటా ఎంత ముచ్చటగా ఉందో చెబితే కొనడు.

అర్జీ ఎలా ఉండాలి?

పిల్లలు పై అధికారికి రాసే కాగితం ఒక్క పేజీ దాటకూడదు. అందులో ఈ అయిదు అంశాలుంటే చాలు.

1. ముందుగా రెండు వారాల పద్దు. రోజూ ఏ పనికి ఎంతసేపు ఆగవలసి వచ్చింది, ఒకే పని ఎన్నిసార్లు చేత్తో చేయవలసి వచ్చింది, ఆఫీసు వేళ దాటి ఎంతసేపు కూర్చున్నారు. ఒక్కరి పద్దు కంటే నలుగురి పద్దు మేలు. సాధనం పేరు ఈ అంశంలో రానే కూడదు.

2. ఉచితంగా దొరికేవి వాడి చూశారా? చూస్తే ఎక్కడ ఆగిపోయారు? ఇది రాస్తే, అడిగేవారు డబ్బు విలువ తెలిసినవారని అర్థమవుతుంది.

3. పూర్తి ధర. కిరాయి, పన్ను, నేర్చుకునే సమయం, వచ్చే ఏడాది పెరగగల మొత్తం, కోడ్ భద్రత గురించి సాధనం అమ్మేవారి షరతులు. దాచిపెట్టిన ఖర్చు ఆరు నెలల తర్వాత బయటపడితే, రెండోసారి మన మాట ఎవరూ వినరు.

4. చిన్న పరీక్ష. అందరికీ కాకుండా ముగ్గురికి, ఏడాదికి కాకుండా ఆరు వారాలకు అడగాలి. ఒకే రకం పనులను కొన్నిటిని సాధనంతో, కొన్నిటిని లేకుండా చేసి, పట్టిన గంటలూ దొర్లిన తప్పులూ రెండూ రాసుకోవాలి. త్వరగా రాసి, తర్వాత రెండు రోజులు తప్పులు దిద్దితే అది ఆదా కాదు.

5. ఆపే షరతు. ఆరు వారాల తర్వాత ఇంత ఆదా కనిపించకపోతే మేమే వద్దంటాం అని ముందే రాయాలి. ఈ ఒక్క వాక్యం పై అధికారి భయాన్ని సగం తగ్గిస్తుంది. అన్న మాట నిలబెట్టుకోవాలి కూడా.

అప్పటికీ కాదంటే? అనవచ్చు. డబ్బు నిజంగానే లేకపోవచ్చు. అప్పుడు కూడా ఆ రెండు వారాల పద్దు వృథా పోదు. కొన్నిసార్లు ఆ పద్దు చూస్తేనే, పైసా ఖర్చు లేకుండా తీరే చిక్కులు బయటపడతాయి. రోజూ గంట తినే మీటింగు ఒకటి మానేస్తే చాలునని తెలియవచ్చు.

జీతంలోంచి ఎందుకు వద్దు?

ఇక దేగ్లూర్ తల్లి ప్రశ్నకు సూటిగా వద్దాం.

మొదటి కారణం ప్రమాదం. ఆఫీసులో రాసే కోడ్ కంపెనీ సొత్తు. అనుమతి లేని సాధనంలోకి దాన్ని పంపితే, చేరిన రోజు సంతకం పెట్టిన షరతులు తప్పినట్టు కావచ్చు. పదిహేడు వందలు పోతే పోయింది, ఉద్యోగమే పోవచ్చు. ఇంటి దగ్గర సొంతంగా నేర్చుకోవడానికి, సొంత ప్రోగ్రాముల మీద వాడుకోవడానికి అమ్మాయి కొనుక్కుంటే అది వేరే సంగతి. అది చదువు ఖర్చు కిందికి వస్తుంది, అందులో తప్పు లేదు.

రెండో కారణం ఇంకా పెద్దది. తన డబ్బుతో కొనుక్కున్న రోజు, ఆ ఖర్చు కూడా ఖాతాలోంచి మాయమవుతుంది. ఇప్పటికే రాత్రి గంటలు కనిపించడం లేదు. రేపు పనిముట్టు ధర కూడా కనిపించదు. పని మాత్రం ఇంకా త్వరగా అవుతున్నట్టు కనిపిస్తుంది. దాంతో ఇంకొంచెం పని వచ్చి పడుతుంది. పక్క కుర్చీలో ఇంటికి డబ్బు పంపవలసిన అబ్బాయి ఉంటే, వాడూ అప్పో సప్పో చేసి కొనుక్కోక తప్పదు. నలుగురు కొనుక్కున్నాక అదే ఆనవాయితీ అవుతుంది. మగ్గం నేతగాడిది, నూలు సేటుది అన్న పద్ధతిలో ఎవరి మీద ఎంత భారం పడేదో మన పెద్దలను అడిగితే చెబుతారు.

మూడో కారణం చెప్పేముందు ఒక భయం గురించి మాట్లాడుకోవాలి. "గంటలు ఆదా అవుతాయని మనమే లెక్క చూపిస్తే, ఇంతమంది ఎందుకని కొందరిని తీసేయరా?" అని పిల్లలు అడుగుతున్నారు. ఉత్త భయం కాదది. మరమగ్గాలు వచ్చాక మన నేతగాళ్లు ఎందరో ఊళ్లు వదిలి షోలాపూర్, భివండీ, సూరత్ దారి పట్టారు. ఏ సాధనమూ ఎవరి పొట్టా కొట్టదని నేను రాయలేను.

అయితే ఒక తేడా గమనించండి. మరమగ్గం లెక్క వేసింది పెట్టుబడి పెట్టినవారు. ఒక యంత్రానికి ఎందరు మనుషులు చాలు అన్నది వారి లెక్క. ఆసు యంత్రం లెక్క వేసింది నేత ఇంట్లో పుట్టినవాడు. అమ్మ భుజం ఎన్నిసార్లు ఆడుతోంది అన్నది ఆయన లెక్క. సాధనాలు ఎలాగూ వస్తాయి. పని చేసేవారు తమ పద్దు తాము రాయకపోతే, వేరెవరో రాస్తారు. వారు రాసే పద్దులో రాత్రి పది గంటలు ఉండవు, తలకాయల లెక్కే ఉంటుంది. ఆదా అయిన గంట దేనికి వాడాలో చెప్పే అవకాశం, ఆ గంటను ముందుగా చూపించినవారికి కొంతైనా ఉంటుంది. అడగడంలో ఉన్న అసలు లాభం ఇదే. చాటుగా కొనుక్కుంటే ఆ అవకాశమూ పోతుంది. ఇదీ మూడో కారణం.

పెద్దలకు ఒక మనవి

తల్లిదండ్రులుగా మనకు ఈ సాధనాల పేర్లు తెలియనక్కర్లేదు. పిల్లలు ఫోన్ చేసినప్పుడు "తిన్నావా, ఎలా ఉన్నావు" అని ఎలాగూ అడుగుతాం. దానితో పాటు "ఈ వారం ఆఫీసు వేళ దాటి ఎన్ని గంటలు కూర్చున్నావు, ఎందుకు కూర్చున్నావు" అని కూడా అడగండి. అంకె చెప్పమనండి. రెండు మూడు వారాలు అడిగితే, అంతవరకు వాళ్లు కూడా లెక్క పెట్టుకోలేదని తెలుస్తుంది. ఒక చిన్న నోటు పుస్తకంలో రాసుకోవడం మొదలుపెడితే, పై అధికారికి ఇవ్వవలసిన అర్జీలో మొదటి అంశం సిద్ధమైనట్టే.

దేగ్లూర్ అమ్మాయికి నా సలహా కూడా అదే. ఇంకో నలుగురిని కలుపుకుని రెండు వారాల పద్దు రాయమనండి, ఆరు వారాల పరీక్ష అడగమనండి. ఏమైందో మళ్లీ రాయండి. కాదన్నా రాయండి, ఔనన్నా రాయండి. ఇలాంటి అర్జీ పెట్టి గెలిచినవారూ, పెట్టినా గెలవనివారూ మన కుటుంబాల్లో ఇంకెందరో ఉండవచ్చు. మీ అనుభవం ఒక పేజీలో రాసి సంఘం చిరునామాకు పంపితే, పేర్లు లేకుండా ప్రచురిస్తాం. కంపెనీల పేర్లు మాత్రం రాయకండి.

వచ్చే సంచికలో ఇంకో ఉత్తరం, ఇంకో ముచ్చట. అందాకా సెలవు.